పోలికలు పట్టే యంత్రం

అమెరికా తూర్పు రాష్ట్రాల్లో వేసవి పూల మీద వాలే బంబుల్ బీ తేనెటీగలలో మూడు జాతులు చూసేవాళ్లను తెగ తికమక పెడతాయి. మూడింటికీ ఛాతీ మీద పసుపు నూగు, పొట్ట కొసన నలుపు. అసలు తేడా పొట్ట మీది రెండో పట్టీలో ఉంది. బాంబస్ ఇంపేషియన్స్‌కు మొదటి పట్టీ మాత్రమే పసుపు, రెండోది నలుపు. బైమాక్యులేటస్‌కు రెండో పట్టీ నడుమ పసుపు మచ్చ ఉంటుంది. గ్రిసియోకాలిస్‌కు అదే చోట గోధుమ వన్నె మచ్చ. ఈగ రెక్కలు మడుచుకుని కూర్చున్నప్పుడు ఫొటో తీశారో, ఆ రెండో పట్టీ కాస్తా రెక్కల కిందికి పోతుంది.

రంగును నమ్ముకోవడమూ కష్టమే. నూగు ఎండకు వెలుస్తుంది, వయసుతో రాలుతుంది. పుప్పొడి అంటితే నలుపు కూడా పసుపులా కనబడుతుంది. ఒకే జాతిలో రాణి, శ్రామిక, మగ ఈగల వన్నెలు వేరుగా ఉండొచ్చు. పైగా వేర్వేరు జాతులు ఒకే వేషం వేయడం వెనక లాభం ఉంది. కుట్టేవన్నీ ఒకే రంగుల్లో ఉంటే, ఒకదానితో దెబ్బతిన్న పక్షి మిగతా వాటి జోలికీ పోదు. 19వ శతాబ్దంలో ఫ్రిట్జ్ మ్యూలర్ వివరించిన అనుకరణ ఇదే. అందుకే నిపుణులు ఈగను సూక్ష్మదర్శిని కింద పెట్టి, కంటి అడుగు నుంచి దవడ మొదలు వరకు ఉన్న చెంప పొడుగు వంటి గుర్తులు చూస్తారు. ప్రపంచంలో తేనెటీగల జాతులు 20,000కు పైనే. అలా చూసి చెప్పగల కళ్లు మాత్రం కొన్నే.

ఆ పని యంత్రానికి అప్పగించాలన్న ఆలోచన 1990లలో జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయంలో రూపు దిద్దుకుంది. స్టెఫాన్ ష్రోడర్, ఫోల్కర్ స్టైన్‌హాగె బృందం తయారుచేసిన ఆ వ్యవస్థ పేరు ఆబిస్. వాళ్లు రంగును పూర్తిగా పక్కన పెట్టి ముందు రెక్కను ఎంచుకున్నారు. రెక్క వెలవదు, దాదాపు చదునుగా, పారదర్శకంగా ఉంటుంది. దాని మీది ఈనెలు కలిసి గళ్లుగా ఏర్పడతాయి. ఆ గళ్ల సంఖ్య, ఆకారం వంశాన్ని చెబుతాయి. బంబుల్ బీ రెక్క అంచు దగ్గర అలాంటి చిన్న గళ్లు మూడుంటే, ఆకులు కత్తిరించే మెగాకైల్ ఈగలకు రెండే. ఆబిస్ రెక్క బొమ్మలో ముందు ఈనెలను పట్టుకుని, అవి కలిసే చోట్లను, కోణాలను, గళ్ల కొలతలను లెక్కగట్టి, అంతకుముందు నేర్చుకున్న జాతులతో పోల్చేది. కంటికి ఒకేలా కనిపించే జాతులను కూడా విడదీసేది. ఈగను చంపాల్సిన పని కూడా లేదు.

చిక్కల్లా ఒక్కటే. ఈగను పట్టుకోవాలి, రెక్క విప్పి సరిగ్గా కెమెరా కింద పెట్టాలి. పూల మీద తిరుగుతున్న ఈగను దారిన పోయేవాళ్లు ఫోనుతో తీసిన ఫొటో ఆబిస్‌కు పనికిరాదు.

ఆ ఫొటోలకు 2012 తర్వాత విలువ వచ్చింది. ఆ ఏడాది ఇమేజ్‌నెట్ పోటీలో అలెక్స్‌నెట్ అనే న్యూరల్ నెట్‌వర్క్ గెలవడంతో బొమ్మలను గుర్తించే పద్ధతే మారిపోయింది. ఏ గుర్తు చూడాలో మనిషి చెప్పడం మానేశాడు. పేర్లు రాసిన ఫొటోలు వేలకు వేలు చూపిస్తే, ఏ మచ్చకు ఎంత విలువ ఇవ్వాలో నెట్‌వర్కే సర్దుకుంటూ పోతుంది. 2021లో బ్రయన్ స్పీస్‌మన్ బృందం ఉత్తర అమెరికాకు చెందిన 36 బంబుల్ బీ జాతుల ఫొటోలు 89,000కు పైగా పోగుచేసి నాలుగు రకాల నెట్‌వర్క్‌లకు నేర్పింది. వాటిలో వేగం, కచ్చితత్వం రెండూ కుదిరిన ఇన్‌సెప్షన్ వీ3 నూటికి 91.6 సార్లు సరైన పేరు చెప్పింది. ఒక్కో ఫొటోకు పట్టిన సమయం సెకనులో వెయ్యో వంతులు మూడున్నర లోపే. బీమెషీన్ అనే గుర్తింపు సాధనం ఈ కృషిలోంచే వచ్చింది.

ఆ 91.6 సగటు మాత్రమే. తప్పులు అన్ని జాతులకూ సమానంగా పడలేదు. ఎక్కువ ఫొటోలున్న జాతులను యంత్రం బాగా గుర్తుపట్టింది. ఫొటోలు తక్కువైన చోట, ఒకే జాతిలో రంగులు మారే చోట, పక్క జాతితో పోలిక ఎక్కువైన చోట తడబడింది. అసలు ఇబ్బంది ఇక్కడే ఉంది. బాంబస్ అఫినిస్ అనే బంబుల్ బీని 2017లో అమెరికా ప్రభుత్వం అంతరించే ప్రమాదమున్న జాతిగా ప్రకటించింది. దాని శ్రామిక ఈగల వీపున, పొట్ట రెండో పట్టీలో తుప్పు రంగు మచ్చ ఉంటుంది, రాణికి ఉండదు. ఇలాంటి అరుదైన ఈగ ఎక్కడుందో కనిపెట్టడానికే యంత్రం కావాలి. అరుదైనది కాబట్టే కొత్తగా ఫొటోలు దొరకడం కష్టం.

పాఠం చెప్పినవాళ్ల తప్పు కూడా పాఠంలో భాగమే. ఔత్సాహికులు పెట్టిన ఫొటోకు పేరు తప్పు పడితే యంత్రమూ అదే నేర్చుకుంటుంది. నేర్చుకోనిది ఎదురైతే ఇంకో చిక్కు. వాసాలను తొలిచే మన నల్ల తుమ్మెద ఫొటోను ఆ 36 జాతుల నమూనాకు చూపిస్తే, ‘ఇది నాకు తెలియదు’ అనే జవాబు దాని జాబితాలోనే లేదు. ఆ ముప్పై ఆరింటిలోంచే ఏదో ఒక పేరు ఎంచుతుంది. ఇక యూరప్‌లోని బాంబస్ లుకోరమ్, క్రిప్టారమ్, మాగ్నస్ శ్రామిక ఈగలను నమ్మకంగా తేల్చాలంటే నిపుణులు కూడా డీఎన్ఏను ఆశ్రయిస్తారు. ఫొటోలో లేని తేడాను ఏ నెట్‌వర్కూ కొత్తగా పుట్టించలేదు.

అందుకే మంచి యంత్రానికి కొలత ఎన్ని పేర్లు చెప్పిందన్నది కాదు, ఎక్కడ ఆగిందన్నది. ఫొటో చూసి ప్రాణి పేరు సూచించే ఐనాచురలిస్ట్ యాప్ చాలాసార్లు జాతి దాకా పోకుండా ‘ఈ ప్రజాతిదని దాదాపు ఖాయం’ అని చెప్పి, కింద కొన్ని జాతులను సూచనలుగా మాత్రమే చూపుతుంది. ఫొటో తీసేవాళ్లు చేయగలిగింది కూడా ఉంది. ఒకే ఈగను పైనుంచి, పక్కనుంచి, ముఖం కనబడేలా తీసి, చోటు, తేదీ జత చేస్తే, యంత్రం ఆగిన చోటి నుంచి నిపుణుడు మొదలుపెట్టగలడు.