వెంట్రుకలో సగం

పిల్లలూ! మన వేల్పూరు వైపు పసుపు పండించే రైతుకు బావి మోటారే ప్రాణం. ఒకసారి ఒక రైతు మోటారు చెడితే, లేతు మిషను మీద కొత్త షాఫ్టు చేయించి బిగించారు. వారం తిరక్కుండానే బేరింగు వేడెక్కి మోటారు మళ్ళీ ఆగిపోయింది. తడి లేక పసుపు ఆకు వడలిపోయింది. కొలిచి చూస్తే షాఫ్టు 0.03 మిల్లీమీటర్లు సన్నంగా వున్నది. అంటే తలవెంట్రుక మందంలో సుమారు సగం!

పనివాడు అశ్రద్ధ చేశాడా? లేదు. కత్తి కాస్త ముందుకు పోయిందని చక్రం వెనక్కి తిప్పాడు. చక్రం మీది అంకె మారింది. కత్తి మాత్రం కదలలేదు. మరలో లూజు వున్నది మరి! మీరూ ఒక పాత బోల్టుకు నట్టు యెక్కించి అటూ ఇటూ కదిపి చూడండి. ఆ లూజు మీ వేళ్ళకే తెలుస్తుంది.

ఇప్పుడు కంప్యూటరు ఆజ్ఞతో నడిచే యంత్రాలు వచ్చాయి. అంకెల ఆజ్ఞతో నడిచే యంత్రాన్ని 1952లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయంలో ప్రదర్శించారు. ఆనాడు ఆజ్ఞలు చిల్లులు పొడిచిన పట్టీ మీద వుండేవి. మరి కంప్యూటరు తప్పు చేయదు కదా అంటారా? ఆజ్ఞ ఇచ్చేది కంప్యూటరైనా, కదిలేది ఇనుమే! మీటరు పొడవున్న ఉక్కు కడ్డీ ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 0.012 మిల్లీమీటర్లు సాగుతుంది. అందుకే కొలతలకు 20 డిగ్రీల సెల్సియస్‌ను ప్రమాణంగా పెట్టుకున్నారు.

యంత్రం చెప్పినచోటికే వెళ్ళిందో లేదో కనిపెట్టేదెలా? కాంతితో! ఒక లేజరు కిరణాన్ని రెండుగా చీలుస్తారు. ఒకటి కదలని అద్దం మీదికి, రెండోది యంత్రంతోపాటు కదిలే అద్దం మీదికి పోయి, తిరిగివచ్చి కలుస్తాయి. చెరువులో రెండు అలల శిఖరాలు కలిస్తే పెద్ద అల లేస్తుంది. శిఖరమూ పల్లమూ కలిస్తే నీరు చదునవుతుంది. కాంతి అలలూ అంతే. అద్దం 0.0003 మిల్లీమీటర్ల చొప్పున జరిగిన ప్రతిసారీ ఒక వెలుగు, ఒక చీకటి వస్తాయి. వాటిని లెక్కపెడితే దూరం తెలుస్తుంది. ఈ పద్ధతితోనే మైకెల్సన్ మహాశయుడు మీటరును కాంతి అలలతో కొలిచాడు. 1907లో నోబెల్ బహుమతి పొందాడు.

300 మిల్లీమీటర్లు పొమ్మంటే యంత్రం 300.012 పోయిందనుకోండి. ఆ తప్పును పట్టికలో రాసి కంప్యూటరుకు ఇస్తారు. ఇకమీద అది 0.012 తగ్గించి ఆజ్ఞ ఇస్తుంది. మళ్ళీ కొలిచి సరిచూస్తారు. కానీ ఒక్క మాట! ఎప్పుడూ ఒకేలా వచ్చే తప్పునే ఇలా దిద్దవచ్చు. ఒకసారి ఒకలా, మరోసారి మరోలా వస్తే పట్టిక పనికిరాదు; మెకానిక్కు మరనే బాగుచేయాలి.

ఇటువంటి విద్య నేర్వడానికి దూరదేశాలకు పోనక్కరలేదు. 1968లో హైదరాబాదు బాలానగరులో కేంద్రీయ టూల్ డిజైన్ సంస్థ వెలిసింది. మీలో ఎవరైనా అక్కడ చదివి వచ్చి, మన రైతు మోటారుకు సరిగ్గా అమరే షాఫ్టు చేసిపెట్టవచ్చు.

లెక్కలో తప్పు వస్తే కొట్టివేసి దాచకండి. ఎక్కడ, ఎంత తప్పిందో రాసుకోండి. యంత్రం బాగుపడేదీ అలాగే, మనిషి బాగుపడేదీ అలాగే!