ఆక్సిజన్ పెట్టారు గదా, ఇంకేం భయం?

రోగులను పెద్దాసుపత్రికి తరలించేటప్పుడు మేము కూడా అంబులెన్సులో వెళ్తుంటాము. ఆక్సిజన్ పెట్టగానే ఇంటివారు "ఇక భయం లేదు" అనుకుంటారు. నర్సు మాత్రం రోగిమీదినుండి చూపు తిప్పదు. ఎందుకు?

శరీరానికి ప్రాణవాయువు చాలకపోవడమే హైపాక్సియా. అది నాలుగు విధాలు. మొదటిది, ఊపిరితిత్తులనుండి రక్తంలోకి ప్రాణవాయువు సరిగా చేరకపోవడం. న్యుమోనియాలో ఇదే జరుగుతుంది. విమానంలో గాలి కొండమీదివలె పలుచన గనుక అక్కడ ఇది ముదురుతుంది. రెండవది, దానిని మోసే శక్తి రక్తానికి తగ్గడం. రక్తస్రావం, బొగ్గుపొగ ఇందుకు కారణాలు. మూడవది, గుండె బలహీనపడి రక్తం సరిగా పారకపోవడం. నాలుగవది, ప్రాణవాయువు అందినా కణాలు వాడుకోలేకపోవడం. సైనైడు విషం చేసేది ఇదే.

నాలుగింటిలోనూ ఆక్సిజన్ అవసరమే, కాని అదొక్కటే చాలదు. రక్తస్రావం ఆపాలి, గుండెకు సాయపడాలి, విషానికి విరుగుడు ఇవ్వాలి. బొగ్గుపొగ పీల్చినవారికి వేలికి తగిలించే ఆక్సీమీటరు మంచి అంకెనే చూపి మోసగించవచ్చు. అందుకే నర్సు అంకెతోపాటు మనిషినీ చూస్తుంది: కలవరమా, మత్తా, ఆయాసమా?

ప్రియ పాఠకులారా, అంబులెన్సు వచ్చినప్పుడు సిగ్గుపడి ఏదీ దాచకండి. ఎంత రక్తం పోయింది, గదిలో కుంపటి ఉందా, ఏమి మింగారు? మీరు చెప్పే ఒక్కమాట ప్రాణం నిలపవచ్చు.