గురజాలకు సువార్త ఏ రాగంలో వచ్చింది?

పల్నాడులో క్రైస్తవం సంగతి ఎత్తితే అందరూ ఫాదర్ హయ్యర్‌తో మొదలుపెడతారు. అమెరికా లూథరన్ మిషనరీ. 1842లో గుంటూరు వచ్చి, మధ్యలో తిరిగి వెళ్లి వైద్యం చదివి పట్టా పుచ్చుకుని, 1849లో మా గురజాలలో మకాం పెట్టారు. గొప్ప మనిషే. కానీ నాకు సువార్త అనగానే గుర్తొచ్చేది మా నాయనమ్మ.

ఆమెకు అక్షరమ్ముక్క రాదు. మిరపకోతల్లో వంగి కాయలు కోస్తూ క్రైస్తవ కీర్తనలు పాడేది. పక్క సాలులో ఉన్న హిందువుల ఆడవాళ్లు వంత అందుకునేవాళ్లు. "ఎవరత్తా ఆయన?" అని ఎవరైనా అడిగితే అప్పుడు చెప్పేది, దాపరికం లేకుండా. అడక్కపోతే పాటే.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట పైన రాగం, తాళం వేసి ఉంటాయి. వాటిలో చాలా పాటలు కట్టిన పురుషోత్తమ చౌదరి (1803–1890) పర్లాకిమిడి వైపు మనిషి. హరికథల్లో వినే రాగాల్లోనే సిలువ కథ వినిపించాడు. ఇప్పుడు కొందరు కొత్త బోధకులు ఆ రాగాలకు 'హిందూ వాసన' అంటున్నారు.

ఆ మాట జాషువా కూడా పడ్డాడు. 1895లో మా వినుకొండలో పుట్టిన క్రైస్తవ కవి. సంస్కృతం నేర్చాడని ఒకరికి, పురాణాలు పట్టాడని మరొకరికి కంటగింపయ్యాడు. చివరికి ఆ పద్యవిద్యతోనే 'క్రీస్తు చరిత్ర' రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి తెచ్చుకున్నాడు. ఇప్పటికీ ఆ పుస్తకం ఏ చర్చిలోనూ నా కంటపడలేదు.

మా నాన్న ఉపదేశి. కార్తీకంలో కారంపూడిలో జరిగే పల్నాటి వీరుల తిరునాళ్లకు పోవచ్చా, అక్కడ చాపకూడు తినవచ్చా అని ఒక సంఘపెద్ద అడిగాడు.

"మొక్కడం మన పని కాదయ్యా. చాపకూడంటావా, అన్ని కులాలనూ ఒక్క బంతిన కూర్చోబెట్టాడని బ్రహ్మనాయుణ్ణి ఎనిమిది వందల ఏళ్లుగా చెప్పుకుంటున్నారు. అది చూసి మనం సిగ్గు తెచ్చుకోవాలి" అన్నాడు నాన్న.

ఆ సిగ్గు ఎందుకో పెళ్లి సంబంధాలప్పుడు తెలుస్తుంది. ప్రభు సంస్కారంలో పక్కపక్కన మోకరించినవాళ్లే మాల సంబంధం, మాదిగ సంబంధం అని విడదీసి చూస్తారు. మొన్న ఒక కూడికలో ఈ మాటే అన్నాను. "అది మన సంస్కృతి కదండీ" అన్నాడొకాయన. మృదంగం మన సంస్కృతి కాదని చర్చిలోంచి తీయించింది ఆయనే.