పెద్దమనిషి కావడానికి ఎన్నేళ్ళు?

తెలుగులో ‘పెద్దమనిషి’ అనే మాటకు రెండర్థాలున్నాయి. ఆడపిల్ల ఈడేరితే పెద్దమనిషయిందంటారు. మగవాడి విషయంలో ఆ మాటకు ఒంటితో పనిలేదు. రచ్చబండ మీద కూచుని తగువు తీర్చేవాడు పెద్దమనిషి. ఈ రెండో అర్థంలో దళితుడు పెద్దమనిషి కావడం ఊళ్ళో అంత తేలిక గాదు. అరవై ఏళ్ళ ముసలాయన్ని పదేళ్ళ దొరకొడుకు ‘ఒరే’ అని పిలిచిన ఊళ్ళు మనవి. తల నెరిసినా కులం ఆయన్ని పిల్లవాడిగానే ఉంచింది. వాడలో కులపెద్దలు లేరా అని అడగొచ్చు. ఉన్నారు, వాడలోపలి తగువులకు. ఊరికీ వాడకూ మధ్య తగువొచ్చిన రోజున ఆ కులపెద్ద కూడా చేతులు కట్టుకుని నిలబడ్డవాడే.

మన పిల్లలు లా చదవడాన్ని ఇక్కడి నుంచి చూడాలి. ఇంజనీరింగు చదివినవాడు ఉద్యోగం దొరికితే ఊరి తగువు నుంచి బయటపడతాడు. అందులో తప్పేం లేదు. లా చదివినవాడు మాత్రం ఆ తగువులోకే తిరిగి రావలసి ఉంటుంది, ఈసారి నిలబడి మాట్లాడే హక్కుతో.

విజయవాడ రోడ్డు, నాగార్జునసాగర్ రోడ్డు హైదరాబాదులోకి వచ్చేది ఈ తూర్పు వైపు నుంచే. నల్లగొండ, ఖమ్మం జిల్లాల పిల్లలకు పట్నమంటే ముందు తగిలేది ఎల్బీనగర్, ఆ తర్వాత దిల్‌సుఖ్‌నగర్. ఎల్బీనగర్ 2007 దాకా వేరే మున్సిపాలిటీ. ఆ ఏడాదే గ్రేటర్ హైదరాబాదులో కలిసింది. దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో హాస్టళ్ళు, కోచింగు సెంటర్లు, కర్రీ పాయింట్లు. డిగ్రీ అయినవాళ్ళు గ్రూప్స్‌కో ఎస్సై పరీక్షకో తయారవడానికి దిగుతారు. నోటిఫికేషను రాదు. ఖాళీగా ఉన్నాడనిపించుకోవడమెందుకని లాసెట్ రాస్తారు. తెలుగులో రాయొచ్చు కాబట్టి ధైర్యం చేస్తారు. సీటొస్తుంది, కాలేజీలో పుస్తకాలు ఇంగ్లీషులో ఉంటాయి. ఎల్బీనగర్ దగ్గర ఎన్టీఆర్ నగర్‌లో మహాత్మాగాంధీ లా కాలేజీ ఉంది, ఇంకా నగరంలో వేరేవి ఉన్నాయి. ఇట్లా చేరినవాళ్ళను ‘టైంపాసు లా’ అని వెక్కిరించేవాళ్ళున్నారు. ఆ వెక్కిరింపు నాకు నచ్చదు. రెండో దారి చేతిలో పెట్టుకోవడం పేదవాడి జాగ్రత్త. ఒకప్పుడు పగలు గుమాస్తాగిరీ చేసుకుంటూ సాయంత్రం క్లాసులకెళ్ళి లా పూర్తిచేసినవాళ్ళు ఎందరో. 2008లో బార్ కౌన్సిల్ తెచ్చిన నిబంధనలు క్లాసులు ఉదయం 8 నుంచి సాయంత్రం 7 లోపే జరగాలన్నాయి. చదువు ప్రమాణం పెరగాలని ఆ నిబంధన. పగలు కూలో నౌకరో చేసుకోక తప్పనివాడి సంగతి అందులో లేదు.

అయితే ఈ పిల్లల్ని పెద్దవాళ్ళను చేసేది క్లాసు కాదు, ఊరి నుంచి వచ్చే ఫోను. రెండో సంవత్సరంలో ఉండగానే మొదలవుతుంది. “తమ్మీ, మనోణ్ణి ఠాణాల కూసోబెట్టిన్రు, జర మాట్లాడు.” వాడికి ఇంకా కోటు లేదు, ఎన్‌రోల్‌మెంటు లేదు. వాడకు ఆ తేడా పట్టదు. లా చదువుతున్నాడంటే వకీలే. పరీక్ష కోసం బట్టీ పెట్టిన సెక్షను ఆ రాత్రి మళ్ళీ తీసి చదువుతాడు. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో నాలుగో సెక్షను ఏం చెబుతుంది? బాధితుడు నోటితో చెప్పిన ఫిర్యాదును ఠాణా అధికారి రాసుకుని, సంతకం తీసుకునే ముందు చదివి వినిపించాలి. నకలు వెంటనే ఇవ్వాలి. ఈ పనులు కావాలని చేయని అధికారి (అతను దళితుడు, ఆదివాసీ కాకపోతే) శిక్షార్హుడు. 2015 సవరణతో వచ్చిన 15ఎ సెక్షను ప్రకారం నిందితుడి బెయిలు విచారణలో బాధితుడి మాట కూడా వినాలి. ఇవి తెలిసినవాడు ఫోనులో “సార్, నకలివ్వండి” అంటాడు. గొంతు వణకొచ్చు. అయినా ఆ ఇంట్లో మూడు తరాల్లో ఆ మాట అన్నవాడు లేడు.

బొజ్జా తారకం ‘పోలీసులు అరెస్టు చేస్తే’ రాసింది ఈ అవసరం కోసమే. వకీలు దగ్గర్లో లేనివాడికి ఆ పుస్తకమే వకీలు. 1985లో కారంచేడు హత్యాకాండ తర్వాత ఆయన హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవి వదిలేశారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపినప్పుడు బాధితులు అడిగిందేమిటి? కోర్టు తమ ఊళ్ళోనే పెట్టాలని. పెట్టించుకున్నారు. 2007లో ఆ ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది, 2014లో హైకోర్టు నిందితులందరినీ వదిలేసింది. చట్టం మీద మన నమ్మకానికి ఇదొక పరీక్ష. లా చదివే పిల్లవాడికి ఈ రెండు తీర్పులూ తెలియాలి. రెండోది తెలియకుండా మొదటిదాన్ని తలుచుకోవడం పిల్లతనమే.

పట్టా చేతికొచ్చాక అసలు కష్టం మొదలవుతుంది. రంగారెడ్డి జిల్లా కోర్టులు ఎల్బీనగర్‌లోనే ఉన్నాయి. పొద్దున్నే ఫైళ్ళు మోసుకెళ్ళి, పేషీకి నిలబడి, వాయిదా రాసుకుని, సాయంత్రం సీనియర్ ఆఫీసులో కూచోవాలి. జీతమంటూ ఏమీ ఉండదు, ఇస్తే పెట్రోలు ఖర్చు. తండ్రో మామో వకీలైనవాడికి ఈ కాలం వారసత్వం అందుకునే కాలం. మనవాడికి అద్దె బాకీపడే కాలం. అందుకే చాలామంది జూనియర్లు పొద్దున దిల్‌సుఖ్‌నగర్ కోచింగు సెంటర్లో పాలిటీ పాఠం చెప్పి, పది గంటలకు కోర్టుకు పరుగెత్తుతారు. అంబేద్కర్ కూడా 1923లో బొంబాయిలో ప్రాక్టీసు పెట్టాక బ్రీఫులు సరిగా రాక, అకౌంటెన్సీ సంస్థలో వాణిజ్య చట్టం పాఠాలు చెప్పి ఇల్లు గడుపుకున్నారు. గ్రేస్ ఇన్‌లో బారిస్టరైన మనిషికే అట్లాగైంది.

ఆడపిల్లలకు ఇంకో మెలిక. వాళ్ళను పన్నెండేళ్ళకే పెద్దమనుషుల్ని చేసి, ఆ పేరుతోనే గడప లోపల కట్టేశారు. పెద్దమనిషికి ఉన్న రెండో అర్థం కోసం వాళ్ళు హాస్టలు గేటు వేళతో, రాత్రి దాకా నడిచే సీనియర్ ఆఫీసుతో, ఇంట్లో పెళ్ళి మాటతో తగువు పడాలి. కోర్టులో రాజీ మాట ముందుగా చెవినపడేదీ వాళ్ళకే: “ఆడకూతురివి, నువ్వు చెబితే వింటారమ్మా, కేసు వాపసు తీసుకొమ్మను.” దానికి కాదని చెప్పడం ఏ సిలబసులోనూ లేదు.

2024 జులై 30న సుప్రీంకోర్టు ఎన్‌రోల్‌మెంటు ఫీజు మీద మంచి తీర్పిచ్చింది: చట్టంలో ఉన్న 750 రూపాయలకు మించి, ఎస్సీ, ఎస్టీల నుంచి 125కు మించి వసూలు చేయకూడదని. అంతకుముందు వేలకువేలు గుంజేవారు. గేటు దగ్గర ఖర్చు తగ్గింది. 2025 మే 20న అదే కోర్టు, సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాలంది. కోర్టు అనుభవం లేని జడ్జి వద్దనడంలో న్యాయముంది. కానీ ఆ మూడేళ్ళు ఎవరు తిండి పెడతారు? ఎస్సీ అభివృద్ధి శాఖ కింద దళిత లా గ్రాడ్యుయేట్లకు ప్రభుత్వ న్యాయవాదుల దగ్గర స్టైపెండుతో మూడేళ్ళ తర్ఫీదు పథకముంది. సీట్లు కొద్ది. మిగతావాళ్ళకు సీనియరే దిక్కు. ప్రాక్టీసు చేసినట్టు ధ్రువపత్రం కావాలన్నా న్యాయాధికారి ఇవ్వాలి, లేదా పదేళ్ళ అనుభవమున్న వకీలు రాసిస్తే న్యాయాధికారి దాని మీద సంతకం పెట్టాలి. ఆ సీనియరు ఎవరు, ఇంటిపేరు విన్నాక ఏ ఊరని ఎందుకడుగుతాడు, అడిగాక ఫైలు ఎవరి చేతిలో పెడతాడు అన్నవి ఎల్బీనగర్ కోర్టు వరండాలో ప్రతి జూనియరూ మొదటి ఏడాదే నేర్చుకుంటాడు.