భార్య వాటా యూరోలు: ఐర్లాండ్ పెన్షన్‌లో ఆస్తి ఎవరి పేరున ఉందన్నదే లెక్క

మన ప్రభుత్వోద్యోగి పెన్షనైనా, ఈపీఎఫ్ పెన్షనైనా భార్యకు వాటా దక్కేది ఆయన కాలం చేశాకే. ఐర్లాండ్‌లో ఇద్దరూ బతికుండగానే ఇస్తారు. సామాజిక బీమా చందాలు కట్టి 66 ఏళ్లు నిండినవారికి 2025లో పూర్తి పెన్షన్ వారానికి 289.30 యూరోలు ఉండేది. భాగస్వామి పెన్షనర్ మీద ఆధారపడి ఉంటే దానిపైన అదనంగా, ఆమెకు 66 దాటితే 259.40, దాటకపోతే 192.70 యూరోలు కలిసేవి. పెద్ద రేటుతో చూస్తే ఏడాదికి దాదాపు 13,489 యూరోలు. యూరో వంద రూపాయలనుకుంటే పదమూడు లక్షల పైమాటే. భార్య పెన్షనర్ అయితే భర్తకూ ఇదే నియమం. ఆయన చందాలు చాలక పెన్షన్ తగ్గితే ఈ వాటా కూడా ఆ మేరకు తగ్గుతుంది.

దీన్ని అక్కడ క్వాలిఫైడ్ అడల్ట్ ఇంక్రీజ్ అంటారు. ఇది ఊరికే రాదు, అడగాలి. అడిగాక ఆదాయ పరీక్ష ఉంటుంది. చాలామంది గమనించని సంగతి ఏమిటంటే, ఆ పరీక్షలో పెన్షనర్ ఆస్తిపాస్తుల ప్రసక్తే లేదు. చూసేది భాగస్వామి ఆదాయం, ఆస్తి మాత్రమే. ఆ లెక్క వారానికి 100 యూరోలు దాటకపోతే పూర్తి మొత్తం. 100 నుంచి 310 వరకు మెట్టుమెట్టుగా కోత. 310 దాటితే సున్నా.

జీతమైతే లెక్క తేలికే. చిక్కంతా పొదుపుతోనే. బ్యాంకు నిజంగా ఎంత వడ్డీ ఇచ్చిందని ఎవరూ అడగరు. మొదటి 20,000 యూరోలు వదిలేస్తారు. తర్వాతి 10,000లో ప్రతి వెయ్యికీ వారానికి 1 యూరో, ఆపై 10,000లో వెయ్యికి 2, 40,000 దాటిన ప్రతి వెయ్యికీ 4 యూరోల రాబడి ఉన్నట్టు రాసుకుంటారు. వెయ్యికి వారానికి 4 అంటే ఏడాదికి 208. దాదాపు 21 శాతం వడ్డీ! ఆ రేటున ఇచ్చే బ్యాంకు ఉంటే ఈ పెన్షన్ కోసం ఎవరు అర్జీ పెడతారు? ఇది వడ్డీ లెక్క కాదు. పొదుపును ముందు తినేసి రమ్మనడం.

ఒక ఇంట్లో 1,20,000 యూరోలు ఉన్నాయనుకుందాం. ఆమెకు వేరే ఆదాయం లేదు, వయసు 66 దాటింది. డబ్బంతా ఆయన పేరున ఉంటే ఆమె లెక్క సున్నా, 2025 రేటున పూర్తి 259.40 వస్తుంది. జాయింట్ ఖాతాలో ఉంటే ఆమె సగం 60,000. దాని మీద 10, 20, 80 కలిపి వారానికి 110 యూరోలు, అంటే కోత మొదలు. అంతా ఆమె పేరున ఉంటే 10, 20, 320 కలిపి 350, ఒక్క యూరో కూడా రాదు. ఇల్లు అదే, సొమ్ము అదే. తిరగేసి చూస్తే, వేరే ఆదాయం లేనప్పుడు జాయింట్ ఖాతాలో 1,15,000 దాకా పూర్తి వాటాకు ఢోకా లేదు. 2,20,000 దాటితే ఆశ వదులుకోవాల్సిందే. అలాగని అర్జీకి ముందు హడావిడిగా పిల్లల పేర్లకు మార్చేస్తే సరిపోదు. పెన్షన్ కోసమే వదిలించుకున్నారని తేలితే, ఆ ఆస్తి ఇంకా ఉన్నట్టే లెక్కేయవచ్చు.

ఉంటున్న ఇల్లు లెక్కలోకి రాదు. మిగతా ఆస్తి వస్తుంది, అది ఏ దేశంలో ఉన్నా సరే. డబ్లిన్‌లో స్థిరపడ్డ మనవాళ్లు జాగ్రత్తపడాల్సింది ఇక్కడే. హైదరాబాద్‌లో భార్య పేరున కొన్న ఎనభై లక్షల ఫ్లాట్, యూరో వంద రూపాయల లెక్కన, అక్కడి కాగితం మీద 80,000 యూరోలు. అప్పు లేకపోతే వారానికి 190 యూరోల రాబడి కింద లెక్క. అద్దె కాదు, విలువే ప్రమాణం కాబట్టి ఫ్లాట్‌కు తాళం వేసి ఉన్నా లెక్క మారదు.

ఈ పథకంలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. 2007 సెప్టెంబర్ తర్వాత వచ్చిన అర్జీలకు ఈ సొమ్ము మామూలుగా భర్త ఖాతాకు కాక, నేరుగా భార్యకే వెళ్తుంది.

66 నిండబోతున్నప్పుడు, కనీసం మూడు నెలల ముందే స్లైగోలోని పెన్షన్ కార్యాలయానికి దరఖాస్తు చేయాలి. భాగస్వామి భాగాన్ని అందులోనే నింపి, ఆమె బ్యాంకు స్టేట్‌మెంట్లు జతచేయాలి. అంతకంటే ముందు ఆమెకు సొంతంగా ఏం వస్తుందో చూసుకోవాలి. ఆమె కనీసం 520 వారాలు, అంటే పదేళ్లు చందా కట్టి ఉంటే సొంత పెన్షన్‌కు అర్హురాలు. పన్నెండేళ్లలోపు పిల్లల్ని పెంచిన కాలంలో ఇరవై ఏళ్ల దాకా కలుపుతారు. పూర్తి పెన్షన్‌కు నలభై ఏళ్లు కావాలి కనుక ఆ పదీ ఇరవై కలిసిన ముప్ఫై ఏళ్ల లెక్కకు 2025 రేటున వచ్చేది సుమారు 217 యూరోలు. ఆమె పేరున పొదుపు తక్కువుంటే 259.40 వాటానే మేలు. ఆమె పేరున ఎక్కువుంటే ఆ 217 నయం, దానికి ఆదాయ పరీక్ష లేదు.