మీకు తెలుసా? బాయిలో బొగ్గును కోసేదే లేత్ మీద ఇనుమునూ కోస్తుంది

రామగుండం ఆర్జీ-3 ఏరియాలోని అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో 2014లో ఉత్పత్తి మొదలైంది. అక్కడ బొగ్గును కోసే షియరర్ డ్రమ్ముకు వరసగా పిక్‌లు బిగించి ఉంటాయి. ఆ పిక్‌ల మొనలూ, లేత్ మీద ఇనుమును చెక్కే కార్బైడ్ టూల్ మొనా ఒకే పదార్థమని మీకు తెలుసా? రెండూ టంగ్‌స్టన్ కార్బైడే. కార్బైడ్ పొడికి కోబాల్ట్ పొడి కలిపి, అచ్చులో నొక్కి, సుమారు 1,400 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలుస్తారు. కరిగిన కోబాల్ట్ ఆ రేణువులన్నిటినీ ఒక్కటిగా పట్టి ఉంచుతుంది. జర్మనీలో కార్ల్ ష్రోటర్ 1923లో దీనికి పేటెంటు దరఖాస్తు పెట్టాడు. ఆయన పనిచేసింది బల్బులు తయారుచేసే ఓస్రామ్ కంపెనీలో. బల్బులోని సన్నటి టంగ్‌స్టన్ తీగను లాగడానికి వజ్రపు అచ్చులు వాడేవారు. వాటి ఖరీదు భరించలేక మరో గట్టి పదార్థం కోసం వెతికితే ఇది దొరికింది. తర్వాత క్రుప్ కంపెనీ దీన్ని ‘విడియా’ పేరుతో అమ్మింది. మన వర్క్‌షాపుల్లో ఇప్పటికీ వినిపించే విడియా టూల్ అదే.

పదార్థం ఒకటే కదా అని అరిగిన పిక్ మొన ఊడదీసి లేత్ టూల్ చేసుకుందామంటే కుదరదు. పిక్‌లో కార్బైడ్ రేణువులు ముతకగా ఉంటాయి. అది రాతి దెబ్బకు పగలకుండా ఉంటే చాలు, అంచు సన్నగా ఉండక్కర్లేదు. లేత్ టూల్‌లో రేణువులు బాగా సన్నం, ఎందుకంటే అక్కడ పదునే ముఖ్యం. అయితే పిక్ నుంచి లేత్ పనివాడు నేర్చుకోవలసింది ఒకటుంది. మొద్దుబారిన పిక్ కోయడం మానేసి ఇసుకరాయిని రాసుకుంటూ పోతుంది. ఆ రాపిడికి రవ్వలు లేస్తాయి. మీథేన్ ఉన్న చోట అది ప్రాణాల మీదికి తెస్తుంది. అందుకే డ్రమ్ము మీద నీళ్లు చిమ్ముతారు, అరిగిన పిక్‌లను ఎప్పటికప్పుడు మారుస్తారు. ఇంట్లో లేత్ మీద అంత ప్రమాదం లేకపోయినా జరిగేది అదే. పదును పోయిన టూల్ లోహాన్ని కోయదు, రుద్ది వేడెక్కిస్తుంది.

మరి ఇంట్లో బల్ల మీద చిన్న లేత్ పెట్టుకున్నవారు మొదట ఏ టూల్ కొనాలి? ఐటీఐలో టర్నర్ ట్రేడ్ చదివిన కుర్రాడికైనా, వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన పెద్దాయనకైనా నేను చెప్పేది ఒకటే: హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్. విడియా మంచిది కాదని కాదు. దానికి కావలసిన వేగమూ, బిగువూ చిన్న లేత్‌లో ఉండవు.

లెక్క చూడండి. కోత వేగాన్ని నిమిషానికి మీటర్లలో తీసుకుని 318తో గుణించి, రాడ్ వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో దానితో భాగిస్తే చక్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరగాలో వస్తుంది. మెత్తటి ఎంఎస్ (మైల్డ్ స్టీల్) రాడ్‌కు హెచ్‌ఎస్‌ఎస్‌తో 30 మీటర్ల వేగం సరిపోతుంది. అంటే 25 మిల్లీమీటర్ల రాడ్‌కు సుమారు 380 చుట్లు. కార్బైడ్ తన సత్తా చూపాలంటే 120 మీటర్లకు తగ్గకూడదు. అదే రాడ్‌కు 1,500 చుట్లు దాటాలి, 10 మిల్లీమీటర్ల రాడ్‌కైతే 3,800 కావాలి. చాలా బల్లలేత్‌లు 2,500 దగ్గరే ఆగిపోతాయి. పైగా కార్బైడ్ అంచు పెళుసు కాబట్టి, చిట్లకుండా ఉండాలని ఫ్యాక్టరీలోనే దాన్ని కొద్దిగా గుండ్రం చేసి పంపుతారు. లోతుగా కోస్తేనే అది సరిగ్గా కోస్తుంది. చిన్న మోటారు ఆ లోతు లాగలేదు. పైపైన కోస్తే అంచు రాసుకుంటుంది, లేత్ అదురుతుంది, జాబ్ మీద గీతలు పడతాయి.

హెచ్‌ఎస్‌ఎస్ కథ ఒక బొగ్గు సీమలో మొదలైందని తెలుసా? ఇల్లెందు దగ్గర విలియం కింగ్ 1871లో బొగ్గును గుర్తించడానికి మూడేళ్ల ముందు, ఇంగ్లండ్‌లోని ఫారెస్ట్ ఆఫ్ డీన్ గనుల ప్రాంతంలో రాబర్ట్ మషెట్ టంగ్‌స్టన్ కలిపిన ఉక్కు చేశాడు. నీళ్లలో ముంచకుండా గాలికే గట్టిపడే ఉక్కు అది. దాని మీద ప్రయోగాలు సాగించి, అమెరికాలోని బెత్లెహెమ్ స్టీల్‌లో టేలర్, వైట్ అనే ఇద్దరు హై స్పీడ్ స్టీల్‌ను తెచ్చారు. 1900 పారిస్ ప్రదర్శనలో మొన ఎర్రగా కాలుతున్నా ఆగకుండా కోస్తున్న టూల్‌ను చూసి జనం నోళ్లు వెళ్లబెట్టారు. మామూలు కార్బన్ ఉక్కు 250 డిగ్రీలకే మెత్తబడిపోతుంది. హెచ్‌ఎస్‌ఎస్ 600 డిగ్రీల దాకా గట్టిగా నిలుస్తుంది. పాత రకంలో 18 శాతం టంగ్‌స్టన్ ఉండేది. ఇప్పుడు ఎక్కువగా దొరికే ఎం2 రకంలో టంగ్‌స్టన్ 6 శాతం, మాలిబ్డినం 5 శాతం. స్టెయిన్‌లెస్ లాంటి మొండి లోహం మీద పనుంటే 5 శాతం కోబాల్ట్ కలిసిన ఎం35 తీసుకోండి, మామూలు పనికి ఎం2 చాలు.

పాత సామాను కుప్పలో దొరికిన ముక్క హెచ్‌ఎస్‌ఎస్ అవునో కాదో గ్రైండింగ్ వీల్ చెప్పేస్తుంది. కళ్లద్దాలు పెట్టుకుని ముక్కను వీల్‌కు తేలిగ్గా ఆనించండి. రవ్వలు తెల్లగా, పొడుగ్గా లేచి చివర పువ్వుల్లా విచ్చుకుంటే కార్బన్ ఉక్కు. పాత ఆకురాయి ఇలాగే మెరుస్తుంది. రవ్వలు పొట్టిగా, మసక ఎరుపులో, పెద్దగా విచ్చుకోకుండా రాలితే హెచ్‌ఎస్‌ఎస్. వీల్ అంచు దగ్గర వెలుగు కాస్త తక్కువుంటే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. పవర్ హాక్సా బ్లేడ్ విరిగిన ముక్క ఈ పరీక్షలో నెగ్గితే పారేయకండి, దానితో చక్కటి పార్టింగ్ టూల్ అవుతుంది.

సాన పట్టేటప్పుడు హెచ్‌ఎస్‌ఎస్ వేడెక్కితే నీళ్లలో ముంచుకోవచ్చు. బ్రేజింగ్ చేసిన విడియా టూల్‌ను మాత్రం ముంచకూడదు, చురుక్కుమని పగులుతుంది. దానికి మామూలు బూడిదరంగు వీల్ కూడా పనికిరాదు. పచ్చరంగు సిలికాన్ కార్బైడ్ వీల్ గానీ, డైమండ్ వీల్ గానీ కావాలి. ఆ ధూళిలో కోబాల్ట్ ఉంటుంది, ఊపిరితిత్తులకు మంచిది కాదు. మాస్కు తప్పనిసరి.

కోణాల విషయానికొస్తే, ఎంఎస్‌కు పక్కనా ముందూ 8 నుంచి 10 డిగ్రీల ఖాళీ, పైన 12 నుంచి 15 డిగ్రీల వాలు ఇవ్వండి. అల్యూమినియానికి పైవాలు ఇంకాస్త పెంచాలి. ఇత్తడికి మాత్రం ఆ వాలే ఉండకూడదు, పైభాగం సమంగా ఉండాలి. వాలు ఉంటే టూల్ ఇత్తడిలోకి తనంతట తనే దిగబడుతుంది. ఉక్కు కోసిన టూల్‌తోనే ఇత్తడి బుష్ మొదలుపెట్టి జాబ్ పాడుచేసుకునేది ఇక్కడే.

టూల్ ఎంత మంచిదైనా సెంటర్ ఎత్తు కుదరకపోతే దండగ. దీనికి కొలత పరికరాలేమీ అక్కర్లేదు. లేత్ ఆపి, రాడ్‌కూ టూల్ మొనకూ మధ్య సన్నటి స్టీల్ స్కేలు నిలబెట్టి మెల్లగా నొక్కండి. స్కేలు నిటారుగా నిలిస్తే సరిపోయినట్టు. దాని పైభాగం మీ వైపు వాలితే టూల్ కిందికి ఉంది, అడుగున సన్నటి రేకు ముక్క పెట్టి లేపండి. అవతలికి వాలితే పైకి ఉంది, దించండి.

విడియా వాడాల్సిందేనన్నవారికి ఒక దారి ఉంది. పెద్ద వర్క్‌షాపుల్లో కనిపించే డబ్ల్యూఎన్‌ఎంజీ ఇన్సర్టులు కొనకండి. వాటి అంచు కింద ఖాళీ కోణం సున్నా కావడంతో చాలా బలంతో తోయాలి. సీసీఎంటీ 060204 లాంటివి చిన్న లేత్‌కు నయం. ఆ అంకెల్లో మొదటి 06 అంచు పొడవు, చివరి 04 అంటే మొన గుండ్రదనం 0.4 మిల్లీమీటర్లు. సాధారణంగా కోత లోతు ఆ గుండ్రదనం కంటే ఎక్కువుండాలి. అందుకే సన్నటి కోతలకు చివర 02 ఉన్నది తీసుకోవడం మేలు. వీటన్నిటికంటే నేను మెచ్చేది సీసీజీటీ. అల్యూమినియం కోసమని అమ్ముతారు గానీ, అంచు సాన పట్టి మెరుగు పెట్టి ఉంటుంది కాబట్టి చిన్న లేత్ మీద ఎంఎస్‌ను కూడా తేలిగ్గా కోస్తుంది. అయితే పలకల రాడ్‌లాగా ఆగి ఆగి దెబ్బ తగిలే పనికి అది నిలవదు, అక్కడ మళ్లీ హెచ్‌ఎస్‌ఎస్సే.

పని నడుస్తుండగా వేగం చూసుకోవడానికి చిప్స్ రంగు గమనించండి. హెచ్‌ఎస్‌ఎస్‌తో ఎంఎస్ కోస్తుంటే వెండిరంగు, లేదా లేత పసుపు రావాలి. నీలం తిరిగితే చుట్లు తగ్గించండి. విడియాతో నీలం వస్తే కంగారక్కర్లేదు. చిప్స్‌ను చేత్తో లాగొద్దు, కొక్కెం వాడండి. తిరుగుతున్న చక్ దగ్గర చేతి తొడుగులు అసలే వద్దు.