వారంటీ దాటిన లారీ

వారంటీ గడువు ఉన్నంతకాలము డీలరు ఆదరముగనే పలుకును. గడువు తీరిన మరునాడు మాట మారును. గేరుబాక్సు నుండి ఆయిలు కారుచున్నదనుకొందము. గడువులోపల మూడుమార్లు సీలు మార్చినారు. గడువు దాటిన పిమ్మట నాలుగవమారు కారినది. "ఇక ఖర్చు మీదే" నందురు.

ఇక్కడ అడుగవలసిన ప్రశ్న వేరు. సీలు ఏల నిలుచుట లేదు? బేరింగు అరిగి షాఫ్టు ఊగినను, బ్రీదరు అను గాలిరంధ్రము పూడి లోపల ఒత్తిడి పెరిగినను క్రొత్త సీలు సైతము కారును. కారణమును విడిచి సీలును మార్చుట మరమ్మతు కాదు. లోపము గడువులోనే పుట్టినదని చూపుటకు ఆధారము జాబుకార్డు. మనవారు దానినే సీటు క్రింద పారవేయుదురు! తేదీ, తిరిగిన కిలోమీటర్లు, ఫిర్యాదు, ఈ మూడును కార్డుపై స్పష్టముగ వ్రాయించుకొనుడు. "సాధారణ తనిఖీ" అని వ్రాసినచో ఒప్పుకొనకుడు.

ఆ కార్డుల నకళ్లతో డీలరుకును, తయారీ కంపెనీకిని స్పీడు పోస్టులో ఉత్తరము వ్రాయవలెను. అప్పటికిని కదలనిచో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద జిల్లా కమిషనును ఆశ్రయింపవచ్చును. వ్యాపారమునకు కొన్న వస్తువునకు ఈ చట్టము వర్తింపదని అవతలివారు వాదింతురు. కేవలము స్వయంఉపాధితో పొట్టపోసికొనుటకై కొన్న లారీకి ఆ వాదము చెల్లదు. పది లారీల ఆసామి సంగతి వేరు. ఫిర్యాదుకు కారణము ఏర్పడిన నాటినుండి 2 సంవత్సరములలో దాఖలు చేయవలెను. డీలరు "చూతము, చూతము" అని జరిపిన నెలలును సాధారణముగా అందులోనే లెక్కకు వచ్చును.